ఉదయగిరి డిపోలో ఇరవయ్యో నంబరు

ఒక ఇన్‌స్టలేషన్ రిపోర్టు తాలూకు పసుపురంగు కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద నేను రాసిన తొమ్మిది వరుసలున్నాయి. వాటి కింద వేరొకరు రాసిన వరుస ఒకటుంది. నా తొమ్మిది వరుసలూ ఎవరూ చదవలేదు. ఆ ఒక్క వరుసే అందరూ చదివారు.

తొంభై ఎనిమిదిలో నేను ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఒక చిన్న గదిలో కూర్చునేవాణ్ణి. నెల్లూరులో కంప్యూటర్లు అమ్మే సంస్థ ఒకటి ఉండేది, అది దాని సర్వీసు గది. నాకు ఆరు నెలల ప్రొబేషను. చేరిన రోజే ఓనరు సంగతి తేల్చి చెప్పాడు. నేను ఒంటరిగా ఒక ఊరికి పోయి, కొత్త యంత్రం బిగించి, కస్టమరు చేత రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని రావాలి. ఆ ఒక్క కాగితం తెస్తే ఉద్యోగం ఖాయం, తేకపోతే ఆరో నెల చివర ఇంటికి.

నాలుగు నెలలు దాటినా నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపలేదు. కలిగిరి నుంచి వచ్చే మా సీనియరు వెనక తిరిగాను. ఏ ఆఫీసుకు పోయినా అతను నన్ను చూపించి, "సామాన్లు మొయ్యడానికి తెచ్చుకున్నా" అనేవాడు. మొదటిసారి అన్నది సంగంలో, ఒక రైసుమిల్లు ఆఫీసులో. అక్కడున్న నలుగురూ నవ్వారు. వాళ్ళలో ఇద్దరి ముఖాలు నాకింకా గుర్తున్నాయి. మా నాయన మిషన్ బడిలో టీచరు, నేను డిప్లొమా పాసైనవాణ్ణి. ఆ మాట సీనియరుకు తెలుసు. తెలిసే అనేవాడు.

ఐదో నెలలో ఉదయగిరి పని వచ్చింది. ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక ప్రైవేటు కంపెనీకి అక్కడ డిపో ఉంది. రైతు ఆఫీసులో చీటీ తీసుకుని, వెనక గోడౌనులో చూపిస్తే మూటలిస్తారు. ఆ చీటీలు కొట్టే ప్రింటరు అంతవరకు హెడ్ గుమాస్తా కంప్యూటరుకే తగిలించి ఉండేది. దాన్ని అక్కణ్ణుంచి తీసి, అన్ని కంప్యూటర్లూ నేరుగా వాడుకునేలా మధ్యలో ఒక కొత్త పెట్టె బిగించాలి.

అది అరచేయంత పెట్టె. ఒక పక్క ప్రింటరుకు, ఇంకో పక్క ఆఫీసు చుట్టూ తిరిగే నల్ల కేబులుకు తగిలించాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికి అడ్రసంటూ ఏదీ ఉండదు. అడుగున అంటించిన పన్నెండు అక్షరాల నంబరు మాత్రం ఉంటుంది. అది పుట్టుమచ్చ లాంటిది, మారదు. బిగించేవాడు పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చుని, ఈ పుట్టుమచ్చ ఉన్నదానికి ఈ ఆఫీసులో ఫలానా నంబరు అని ఒక వరుస కొట్టి, ఆ నంబరుకు ఒక పిలుపు పంపుతాడు. పెట్టె ఆ పిలుపు అందుకుని, అది తన నంబరే అని పట్టేసుకుని, పలుకుతుంది. అక్కణ్ణుంచి ఎప్పుడు పిలిచినా ఆ నంబరుకే పలుకుతుంది. ఒక ఆఫీసులో ఒక నంబరు ఒక యంత్రానికే ఉండాలి. రెండింటికి పడితే రెండూ పలుకుతాయి, పంపిన చీటీ ఎటూ చేరదు.

ఏ ఊళ్ళో ఏ నంబరు దేనికిచ్చారో రాసే రిజిస్టరు సీనియరు దగ్గర ఉండేది. ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఉదయగిరి పెట్టె కోసం ఒక సిగరెట్టు పెట్టె అట్ట మీద ఇరవై అని రాసిచ్చాడు. ఆ నంబరు ఇంక దేనికీ లేదు కదా అని అడిగాను. నేనిచ్చిన నంబరు మీద నీకు అనుమానమా అని, అట్ట వెనక్కి లాక్కుని, మళ్ళీ నా ముందు నేల మీదికి విసిరాడు. వంగి తీసుకున్నాను.

ఒక బుధవారం పొద్దున ఉదయగిరిలో దిగాను. డిపో మేనేజరు ఆరోజు కొండాపురంలో ఏదో పెళ్ళికి పోయాడు, ఆయన గదికి తాళం వేసి ఉంది. నేను నా పద్ధతి ప్రకారమే పోయాను. ముందు ఇరవయ్యో నంబరుకు పిలుపు పంపి చూశాను. ఎవరూ పలకలేదు. పది నిమిషాలాగి మళ్ళీ పంపాను. పలకలేదు. ఖాళీ అని నమ్మకం కుదిరాక పెట్టెకిచ్చాను. సాయంత్రం దాకా చీటీలు ఆగకుండా వచ్చాయి. అటెండరు పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టాడు, హెడ్ గుమాస్తా కొబ్బరికాయ కొట్టాడు. సంతకం మాత్రం మేనేజరే పెట్టాలన్నారు. రెండు రోజుల్లో వచ్చి తీసుకుంటానని చెప్పి వచ్చేశాను.

మరుసటి రోజే ఫోను. పెట్టె పలకడం లేదు.

శుక్రవారం బస్సులో పోయాను. పదకొండు అవుతుండగా ఆఫీసులోకి అడుగుపెట్టాను. చీటీలు వస్తున్నాయి. మేనేజరు హాల్లో హెడ్ గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. యాభై దాటిన మనిషి, నుదుటి మీద సన్నటి గంధం బొట్టు. నమస్కారం పెట్టాను. ఆయన నా వైపు చూడకుండా హెడ్ గుమాస్తాతో అన్నాడు:

"పెట్టెకి మొగుడొచ్చినాడు చూడు. ఇప్పుడు పలుకుతా ఉండాది."

హాలంతా నవ్వింది. సంతకం సంగతి ఎత్తాను. నాలుగు రోజులు సక్రమంగా పనిచెయ్యనీ అని చెప్పు ఆ అబ్బాయికి, అన్నాడు హెడ్ గుమాస్తాతోనే. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆరోజే కాదు, తర్వాత కూడా ఆయన నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏదున్నా పక్కవాడికి చెప్పేవాడు, పక్కవాడు నాకు చెప్పేవాడు. నేను అడిగినదానికి జవాబు కూడా ఆ దారినే వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. పన్నెండుకు పది నిమిషాలుండగా బస్సెక్కాను. పన్నెండు దాటగానే పెట్టె ఆగిపోయిందని సాయంత్రం ఫోను.

తర్వాతి బుధవారం మళ్ళీ పోయాను. దోవలో బస్సు చెడిపోయి, పన్నెండుంబావుకు చేరాను. చీటీలు వస్తున్నాయి. మేనేజరు హాల్లో పేపరు చదువుతున్నాడు. ఒంటిగంట బస్సుకు వెనక్కి వచ్చాను. ఒకటిన్నర తర్వాత ఆగిపోయిందట. పోయేముందు హెడ్ గుమాస్తాకు ఒక నోటుబుక్కు ఇచ్చి, ఏరోజు ఏ టైములో పనిచేసింది, ఏ టైములో ఆగింది రాయమని బతిమాలాను. అదొక్కటే ఆ ఆఫీసులో ఎవరైనా నా మాట విని చేసిన పని.

ఈలోగా వానలు పడ్డాయి. అది మెట్ట ప్రాంతం. విత్తడానికి సరిపడా రెండు పదునుల వాన కురిస్తే చాలు, ఊళ్ళన్నీ విత్తనాల కోసం ఒకేసారి ఎగబడతాయి. చేతిరాత చీటీకి మూటలివ్వకూడదని కంపెనీ అప్పుడే కొత్తగా రూలు పెట్టింది. డిపో ముందు రైతులు ఎండలో కూర్చున్నారు. నాకు ఆరో నెల నడుస్తోంది.

సోమవారం తొలి బస్సుకు పోయి, పది గంటలకల్లా డిపోలో ఉన్నాను. పెట్టె ఆగిపోయి ఉంది. నా కళ్ళముందు ఆగిపోయి ఉండటం అదే మొదటిసారి. సంతోషం వేసింది. హెడ్ గుమాస్తా నోటుబుక్కు నా ముందు పడేసి, ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"రాసినాను చూసుకో ఇంజినీరూ. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. గురువారం ఒకటిన్నర నుంచి మూడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. నీకర్థం గాదులే, మీ చర్చోళ్ళకి రాహుకాలమేంది, యమగండమేంది. నీ పెట్టె రాహుకాలంలోనే పలుకుతా ఉండాది. మంచి ఘడియలో మూగది. బిగించినోడి చెయ్యి ఎట్టాంటిదో మరి."

పక్క గుమాస్తా అందుకుని, అమావాస్యనాడు నన్ను పిలిపిస్తే చీటీకి రెండు కాపీలొస్తాయన్నాడు. కిటికీ దగ్గరున్న రైతులు కూడా నవ్వారు. మా ఇంట్లో పంచాంగం లేదు. మా అవ్వ పొద్దున లేచి ప్రార్థన చేసుకుని ఏ పనికైనా ఏ టైములోనైనా పోయేది. నేను లేచి గోడమీది క్యాలెండరు దగ్గరికి పోయి, నోటుబుక్కు పక్కన పెట్టి చూశాను. ప్రతి రోజూ నిమిషాలతో సహా సరిపోయింది. నన్ను నవ్వులపాలు చెయ్యడానికి అన్న మాటే నాకు దారి చూపింది. ఈ ఆఫీసులో రాహుకాలాన్ని బట్టి ఆగేది ఇంకేదో ఉంది.

పెట్టె ఊడదీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇరవయ్యో నంబరుకు పిలుపు పంపాను. పలికింది.

పెట్టె నా ఒళ్ళో ఉంది, నంబరు ఎక్కడో పలుకుతోంది. హాల్లో ఉన్న కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటీ చూశాను, ఏదీ కాదు. నల్ల కేబులు వెంట పోతే అది గోడలో ఒక రంధ్రం గుండా మేనేజరు గదిలోకి పోయింది. అక్కడ ఏముందని అడిగితే, అది సార్ సొంతది, ఆఫీసుది కాదు అన్నాడు హెడ్ గుమాస్తా. మిగతాది అటెండరు నన్ను పంపు దగ్గరికి తీసుకుపోయి చెప్పాడు. ఆ డిపోలో నాకు మంచినీళ్ళు కావాలా అని అడిగిన మనిషి ఆయనొక్కడే. సార్ జాతకాలు వేస్తాడు. డబ్బు తీసుకోడు, సరదా. దానికోసం పాత కంప్యూటరొకటి సొంతంగా కొనుక్కున్నాడు. ఆఫీసు ప్రింటరు మీద జాతకాలు తీసుకునేలా పోయినేడు మా సీనియరే వచ్చి దాన్ని కేబులుకు కలిపిపోయాడు. రాహుకాలం వస్తే సార్ దాన్ని ఆపేసి, హాల్లోకి వచ్చి కూర్చుంటాడు.

కొత్త రకం కంప్యూటరైతే తన నంబరు ఇంకొకరికి ఉన్నప్పుడు తెరమీద చెబుతుంది. అది పాతది, చెప్పే తెలివి లేనిది. నేను మొదటిరోజు పిలుపు పంపినప్పుడు అది తాళం వేసిన గదిలో ఆపేసి ఉంది. అందుకే పలకలేదు.

ఎస్టీడీ బూతు నుంచి సీనియరుకు ఫోను చేశాను. రిజిస్టరులో లేనిది ఆ గదిలో ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే పెట్టినాను, ఐతే ఏంది? ఆయన సొంతానిది రిజిస్టర్లో ఎట్టా రాసేది? నీ పెట్టెకి నంబరు మార్చి, తప్పు నంబరు కొట్టినానని రిపోర్టులో రాయి. ఐదు నిమిషాల పని. తల పోతాదా?"

తప్పు నాదని రాస్తే ఉద్యోగం పోతుందన్నాను.

"పోతే పోనీలేరా. మోసేవాళ్ళు చానామంది ఉండారు," అని పెట్టేశాడు.

ఆరోజే నంబరు మార్చి రావచ్చు. ఐదు నిమిషాలన్నది నిజమే. కానీ అప్పుడు పెట్టె పనిచెయ్యకపోవడం నా చేతి గుణమని ఉదయగిరిలోనూ, నా తప్పని నెల్లూరులోనూ మిగిలిపోతుంది. మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబడి, సార్, మీ మిషను ఒక్క ఐదు నిమిషాలు ఆపుతారా అని అడిగాను. ఆయన హెడ్ గుమాస్తాను పిలిచి, నా మిషన్‌కీ బయట పెట్టెకీ సంబంధం లేదని చెప్పు అతనికి, అన్నాడు. సరేనని పెట్టె మళ్ళీ తగిలించి, ఆరోజుకు వెళ్ళిపోయాను. రైతులు ఇంకో రోజు ఎండలో కూర్చున్నారు. అది నా మీద వేసుకుంటాను.

మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. సరిగ్గా మూడింటికి మేనేజరు తన మిషను ఆపి, హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. చీటీలు రావడం మొదలైంది. కిటికీ బయట రైతులు, లోపల గుమాస్తాలు అందరూ ఉన్నారు. నేను అందరికీ వినపడేలా అడిగాను. సార్, మీ మిషను నేను ఒకసారి వేసి, ఆపి చూపిస్తాను, అందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?

ఆయన పేపరు దించలేదు. "అతని పని అతన్ని చూసుకోమను," అన్నాడు హెడ్ గుమాస్తాతో.

నేను గదిలోకి పోయాను. అటెండరు అడ్డం వచ్చాడు. "రాహుకాలంరా అబ్బయ్యా, ముట్టుకోబాక," అన్నాడు మెల్లగా. ఆయన్ని పక్కకు జరిపి స్విచ్చి వేశాను. మిషను లేచింది. బయట ప్రింటరు చీటీ మధ్యలో ఆగింది. స్విచ్చి ఆపాను. కాసేపటికి మిగతా చీటీ వచ్చింది. మళ్ళీ వేశాను, ఆగింది. మళ్ళీ ఆపాను, వచ్చింది. అప్పుడు కిటికీ దగ్గరున్న ఒక ముసలి రైతు, "సార్ మిషను నిద్ర లేస్తే మన చీటీ పడుకుంటా ఉండాదే," అన్నాడు. నిన్న నన్ను చూసి నవ్విన నోళ్ళన్నీ ఈసారి మేనేజరును చూసి నవ్వాయి. ఆయన పేపరును ముఖానికి అడ్డంగా ఇంకాస్త పైకెత్తడం నేను గుమ్మంలోంచి చూశాను.

ఒక్కసారి చాలు. రెండోసారి హెడ్ గుమాస్తా కోసం. మూడోసారి నా కోసం వేశాను. ఈసారి మిషను లేవలేదు. లోపల గరగరమని, రాయి మీద కత్తి గీసినట్టు చప్పుడు వచ్చింది. తెర నల్లగానే ఉండిపోయింది. ఆ చప్పుడేమిటో నాకు తెలుసు, మిషనులో ఎక్కించినవన్నీ దాచే డిస్కు పోయింది. స్విచ్చి ఆపి బయటికి వచ్చాను.

పెట్టెకు ముప్పయ్యొకటో నంబరు ఇచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రిపోర్టులో జరిగింది జరిగినట్టు తొమ్మిది వరుసలు రాశాను. రిజిస్టరులో లేని మిషను, దాన్ని పెట్టిందెవరు, ఏ నంబరు, ఏ గది, అన్నీ రాసి మేనేజరు ముందు పెట్టాను. ఆయన చదవలేదు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వరుస రాసి సంతకం పెట్టాడు. 'పని పూర్తయినది. ఈ మనిషిని మరల పంపవలదు.'

ఐదు నెలలకు పైగా నేను ఎదురుచూసిన సంతకం అది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నెల్లూరు పోయాను. ఓనరు కాగితాన్ని అడుగు నుంచి చదివాడు. సీనియరు అక్కడే స్టూలు మీద కూర్చుని చెరుకురసం తాగుతున్నాడు.

"సంతకం తెచ్చినావు, బాగుండాది. కస్టమరే వద్దన్నోణ్ణి నేనెట్టా పెట్టుకునేది?" అన్నాడు ఓనరు. పైన రాసినది చదవమన్నాను. కథలు చదివే టైము లేదన్నాడు. నెలాఖరు దాకా ఉండమన్నాడు.

ఆ నెలలో మిగిలిన రోజులు ఆత్మకూరు గదిలోనే కూర్చున్నాను. ఒక గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. ముందు అటెండరు, వెనక మేనేజరు. మేనేజరు చేతిలో పసుపుగుడ్డలో చుట్టిన డిస్కు ఉంది. నా ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమని నేననలేదు. నిలబడే మాట్లాడాడు.

"బాబూ," అన్నాడు. ఆయన నన్ను ఏదో ఒకటి అని పిలవడం అదే మొదటిసారి. "నాలుగేండ్ల జాతకాలు ఇందులో ఉండాయి. మావైపు పుట్టిన పిల్లకాయలవి. పల్లెటూరోళ్ళు, పుట్టిన టైము వాళ్ళెక్కడా రాసిపెట్టుకోరు. కాన్పు కాగానే వచ్చి నాకు చెప్పి పోయినారు. నా కాడ కూడా కాగితం మీద లేదు, దీంట్లోనే ఉండేది. నెల్లూరులో మీ సీనియరు చూసి పోయిందన్నాడు. నువ్వొకసారి చూడు."

తర్వాత జేబులోంచి కంపెనీ పేరున్న తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "నేను రాసింది కొట్టేసి, తప్పు నాదేనని రాసిస్తా. మీ ఓనరుతో నేనే ఫోన్లో మాట్లాడతా. నీ ఉద్యోగం నీకుంటాది."

డిస్కు తీసుకుని నా మిషనుకు తగిలించాను. అదే గరగర. కానీ అలాంటి డిస్కు విప్పి, పోయినదానిలో కొంతైనా బయటికి తీసే మనిషి మద్రాసులో ఒకడున్నాడు. ఆ సంగతి సీనియరుకు తెలియదు, నాకు తెలుసు. డిప్లొమాలో నాతో చదివినవాడి అన్న. పంపితే పది రోజుల్లో తిరిగొచ్చేది. అన్నీ రాకపోయినా సగం వచ్చేవేమో. ఆ తెల్లకాగితం నెల్లూరు చేరితే నేను ఆ కుర్చీలోనే ఉండేవాణ్ణి, సీనియరు సంగతి తేలేది.

డిస్కు ఊడదీసి, గుడ్డలో చుట్టి, అటెండరు చేతికిచ్చాను.

"అన్నా, ఇది పనికి రాదని చెప్పు ఆయనకి," అన్నాను.

అటెండరు నా ముఖంలోకి చూశాడు. మంచినీళ్ళు కావాలా అని అడిగినప్పుడు చూసిన చూపే. ఆయన పక్కకు తిరిగి చెప్పనక్కర్లేకపోయింది, మేనేజరు విన్నాడు. ఇంకెవరైనా చూసేవాళ్ళున్నారా, ఎక్కడున్నారో చెబితే పోతానన్నాడు. నేను బల్ల మీది కాగితాన్ని ఆయన వైపు జరిపి, ఎవరూ లేరని చెప్పు, అన్నాను అటెండరుతో. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు.

నా గది కిటికీలోంచి బస్టాండు కనిపిస్తుంది. ఉదయగిరి బస్సు ఒంటిగంటా నలభైకి నిలబడింది. ఖాళీగానే ఉంది. అటెండరు ఎక్కబోయి వెనక్కి తిరిగాడు. మేనేజరు బెంచీ మీదనుంచి లేవలేదు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం, ఆ టైములో ఆయన ప్రయాణం పెట్టుకోడు. బస్సు వాళ్ళను వదిలేసి పోయింది.

మూడు దాకా ఆయన అక్కడే కూర్చున్నాడు, డిస్కు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడప్పుడు గడియారం చూసుకుంటూ. పిలిస్తే వినపడే దూరం. నేను కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, ఆ గంటంబావు చూస్తూనే కూర్చున్నాను.